పెద్ద నగారా అడుగున చిల్లు

దయ్యాల కబుర్లంటే నాకు చిన్నప్పటి నుంచీ చిరాకు. మా నాన్న క్రైస్తవ సంఘంలో ఉపదేశి. చనిపోయినవాళ్ళు లోకాంతాన కడబూర మోగేదాకా నిద్రలోనే ఉంటారని, మధ్యలో లేచి తిరగడమంటూ ఉండదని ఆయన చెప్పేవారు. ఆ మాట మీద నాకెప్పుడూ అనుమానం రాలేదు. కాలవ గట్టు మీద ఎవరికో ఏదో కనిపించిందంటే, ఆ సాయంత్రం ఆయన ఏం పుచ్చుకున్నాడో ముందు కనుక్కునేవాణ్ణి.

ఇప్పుడు రాస్తున్నది కూడా దయ్యం కథ అని నేను అనను. నా చేతికి తగిలింది, నా కళ్ళకి కనిపించింది రాస్తాను. ఇందులో నా తప్పులు ఉన్నాయి. వాటిని దాచిపెడితే మిగిలింది ఎవరికీ అర్థం కాదు.

అమలాపురంలో నాకో చిన్న షెడ్డు ఉండేది. రాగి, ఇత్తడి సామాను బాగుచేసేవాణ్ణి. గంగాళాలకి మాట్లు వేయడం, కళాయి పూయడం, పెళ్ళి బ్యాండువాళ్ళ బాకాలకి సొట్టలు తీయడం నా పని. మా సొంతూరు మాత్రం పి.గన్నవరం దగ్గర ఒక లంక. అక్కడ మా గుడిలో రెండు రాగి నగారాలు ఉండేవి. ఎప్పుడో దొరల కాలంలో ఒక దొరసానిగారు ఓడలో తెప్పించారట. ఆవిడ వాటిని టింపనీ అనేవారని మా నాన్న చెప్పేవారు. మా ఊరివాళ్ళ నోటికి ఆ పేరు పట్టలేదు, జంట నగారాలనే అన్నారు. చూడడానికి రెండు పెద్ద గిన్నెల్లా ఉంటాయి. మూతి మీద దూడ తోలు, దాన్ని బిగించే ఇనప చట్రం, చుట్టూ మరలు. ఒకటి పెద్దది, ఒకటి కాస్త చిన్నది.

వాటిని మా అన్నయ్య దేవదానం వాయించేవాడు. అన్నయ్యకి చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. గాలి చాలక పాట మధ్యలో ఒక్కోసారి దెబ్బ ఆలస్యంగా పడేది. సంఘంలో ఎవరూ పట్టించుకునేవారు కాదు. పాట పాడేవాళ్ళే ఒక్క క్షణం ఆగి, ఆయన దెబ్బ పడ్డాక అందుకునేవారు. అది వాళ్ళకి అలవాటైపోయింది.

నాకు మాత్రం అది నామోషీగా ఉండేది. డెబ్భైల మొదట్లో ఒక క్రిస్మస్ ఆరాధనలో, గుడి నిండా జనం ఉండగా, నేను వేదిక ఎక్కి అన్నయ్య చేతుల్లోంచి పుల్లలు తీసేసుకున్నాను.

“లే అన్నయ్యా, పాట చచ్చిపోతోంది” అన్నాను.

మెల్లిగానే అన్నాను. కానీ ముందు వరసలో ఆడవాళ్ళకి వినిపించింది. అన్నయ్య లేచి, కిందకి దిగి, పిల్లల చాప మీద కూర్చున్నాడు. నేను వాయించాను. బాగా వాయించానని అందరూ మెచ్చుకున్నారు. ఆ మెప్పు నాకు చాలా రుచించింది.

ఆ తర్వాత అన్నయ్య పుల్లలు ముట్టుకోలేదు. శనివారాలు మాత్రం గుడికి వెళ్ళి నగారాలు తుడిచి వచ్చేవాడు. నేను కొన్నాళ్ళు వాయించి, షెడ్డులో పని పెరగగానే మానేశాను. ఆయన దగ్గర లాక్కున్నదాన్ని నేను కూడా నిలబెట్టుకోలేదన్నమాట. గుడిలో నగారాల మోత ఆగిపోయింది.

తర్వాత ఒక గాలివానకి గుడి పెంకులు లేచిపోయాయి. నగారాలు తడుస్తున్నాయని అన్నయ్య వాటిని తన ఇంటికి మోయించుకున్నాడు. మరుసటి వానాకాలం ఆయనకి ఆయాసం ఎక్కువైంది. తమ్ముణ్ణి చూడాలని ఉందని కబురు పంపాడు. నాకు శ్రావణం పెళ్ళిళ్ళ గిరాకీ. బాకాలు వరసగా వేలాడుతున్నాయి. ఆదివారం వెళదాంలే అనుకున్నాను. ఆదివారం దాకా ఆయన ఆగలేదు. నగారాల పక్కన మంచం మీదే పోయాడు.

నేను వెళ్ళేసరికి మా వదిన సువార్తమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

“అక్కడే ఆగండి మరిదిగారూ. మీరు లోపలికి రాకండి” అంది.

గట్టిగా కూడా అనలేదు. సమాధుల దొడ్డికి వెళ్ళాను, మట్టి వేశాను, తిరిగి వచ్చేశాను. ఆ తర్వాత ఏళ్ళ తరబడి అదే తీరు. వీధిలో కనిపిస్తే “బాగున్నారాండీ” అని మర్యాదగానే పలకరించేది. మా ఆవిడ, పిల్లలు లోపలికి వెళ్ళి భోంచేసి వచ్చేవారు. నాకు మంచినీళ్ళు వాకిట్లోకి వచ్చేవి. కొబ్బరిచెట్టు నీడన నిలబడి తాగి, గ్లాసు అరుగు మీద పెట్టేసి వచ్చేవాణ్ణి. అడగడానికి నోరు వచ్చేది కాదు. ఒక్కసారి లోపలికి రమ్మంటే చాలని మాత్రం ఉండేది.

ఎనభైల్లో గుడికి కొత్త కప్పు వేశారు. ఈస్టరుకి నగారాలు మళ్ళీ మోగాలని సంఘం అనుకుంది. ఒక పొద్దున సంఘపెద్ద యాకోబుగారు రెండింటినీ రిక్షాలో వేసుకుని మా షెడ్డు ముందు దిగారు. ఆయన చొక్కా చెమటకి తడిసిపోయి ఉంది.

“ఏమండీ ప్రకాశంగారూ, దారి పొడుగునా నా పరువు పోయిందండి బాబూ! అక్విడెక్టు వంతెన దగ్గర ఒకాయన ఆపి, పెళ్ళి ఏ ఊళ్ళో, వంటమేస్త్రీ ఎవరని అడిగేడండి. వంటసామాను కాదండి, వాయించేవండి అంటే నమ్మడే! మూతెత్తి చూపించమంటాడు.”

నవ్వుతూ దింపుకున్నాను. వదిన ఎలా ఇచ్చిందని అడిగాను.

“ఓ పట్టాన ఇచ్చిందేంటండీ! సంఘం సామానే కదమ్మా అంటే, ఆయ్, సంఘానిదేనండి, కాదని ఎవరన్నారు అంటది. తలుపు మాత్రం తియ్యదు. ఆఖరికి పాస్టరు అయ్యగారు వచ్చి అడిగితే ఒప్పుకుంది. అదీ ఆరాధనకి మోసుకెళ్ళి, అవ్వగానే మళ్ళీ మా ఇంట్లోనే పెట్టాలండి అని మాట తీసుకుని.”

“బాగుచేసేది నేనని తెలుసాండి ఆవిడకి?”

“తెలుసండి. ఆయన చేతిపని మంచిదేనండి అంది.”

ఆ ఒక్క మాట పట్టుకుని నేను చాలా రోజులు సంబరపడ్డాను. నిజం చెప్పాలంటే ఆ పని నగారాల కోసం ఒప్పుకోలేదు. వదిన ఇంటి గుమ్మం కోసం ఒప్పుకున్నాను. బాగా చేసి ఇస్తే రమ్మంటుందని ఆశ.

పని మొదలుపెట్టాను. ఉప్పుగాలికి రాగి అంతా చిలుము పట్టి పచ్చగా ఉంది. అడుగులు మసితో నల్లబడి ఉన్నాయి. వాన రోజుల్లో తోలు సడలిపోతే, డప్పు కాచినట్టు వీటిని కూడా కొబ్బరి డొక్కల సెగ మీద కాచేవారు మావాళ్ళు. మరలు తుప్పు పట్టి తిరగకపోతే ఏం చేస్తారు మరి. ఆ మరలన్నీ కిరసనాయిల్లో నానబెట్టి విప్పాను. పాత తోళ్ళు చేతిలోనే చిట్లిపోయాయి. గిన్నెల్ని ఇసుక సంచి మీద పెట్టి, లోపలి వైపు నుంచి కొయ్య సుత్తితో మెల్లిగా కొట్టి సొట్టలు తీశాను. మూతి అంచు ఎక్కడా ఎత్తుపల్లాలు లేకుండా నాపరాయి మీద బోర్లించి సరిచూసుకున్నాను. చింతపండు, ఉప్పు వేసి తోమి, ఇటుక పొడితో రుద్దాక, లోపలి నుంచి ఎర్రటి రాగి బయటపడింది.

పెద్దదాని అడుగున ఉప్పు తిన్న సన్నటి గుంటలు చాలా ఉన్నాయి. సరిగ్గా మధ్యలో చిటికెన వేలు దూరేంత చిల్లు ఉంది. చిన్నదానికీ అలాంటిదే ఉంది. చిల్లు కనిపిస్తే మూయడం నా చేతికి అలవాటు. తగరం కరిగించి గుంటలతో పాటు వాటికీ మాట్లు వేసేశాను. అన్నాళ్ళు వాయించినవాణ్ణి, అవి మొదటి నుంచీ ఉన్నాయని నాకు తెలియదు. వాయించడమే గానీ, ఎప్పుడూ బోర్లించి తుడిచినవాణ్ణి కాదు. ఆ పని అన్నయ్య చేసేవాడు.

కొత్త తోళ్ళు నానబెట్టి, చట్రానికి చుట్టి, బిగించి ఆరనిచ్చాను. కొట్టి చూస్తే రెండూ మూగగా పలికాయి. పెద్దది మరీ అన్యాయం, వడ్ల బస్తా మీద కొట్టినట్టు ఉంది. తోలు మీదే తప్పు నెట్టాను.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం వదిన మా షెడ్డుకి వచ్చింది. చేతిలో గుడ్డ సంచి. మా ఆవిడ కుర్చీ వేసింది. కూర్చోలేదు. నేను పుల్ల తీసుకుని వాయించి చూపించబోయాను. ఆవిడ నా వైపు చూడకుండా పెద్ద నగారా దగ్గర వంగి, అడుగున చెయ్యి పెట్టి తడిమింది.

“దీని ముక్కు మూసేసేరేంటండీ?”

“చిల్లు పడింది వదినగారూ, మాటు వేశాను.”

“చిల్లు పడడమేంటండీ! తెచ్చినప్పటి నుంచీ ఉందది. తియ్యండి ముందు. మీకు దణ్ణం పెడతాను, ఇప్పుడే తియ్యండి.”

కోపమనుకున్నాను. బ్లో లాంపు వెలిగించి తగరం కరిగించి తీసేశాను. చిన్నదానిదీ తీశాను. అంతసేపూ పక్కనే నిలబడి ఉంది. తీశాక మా ఆవిడ ఇచ్చిన మజ్జిగ తాగి, బస్సుకి వెళ్ళిపోయింది. నేను కొట్టి చూశాను. రెండూ చక్కగా మోగాయి.

మరునాడు మబ్బుగా ఉంది. పెద్ద నగారాని గోనెపట్టా మీద ఒక పక్కకి ఒరిగించి, అడుగు భాగానికి మెరుగు పెడుతున్నాను. నా ముంజేయి తడిగా ఉంది. ఆ తడి మీద చల్లగా ఏదో తగిలింది, ఆగింది, మళ్ళీ తగిలింది. గాలి అనుకుని షెడ్డు తలుపు వేశాను. తగులుతూనే ఉంది. చిల్లు దగ్గర అరచెయ్యి పెట్టాను. లోపలి నుంచి గాలి వస్తోంది. తర్వాత లోపలికి పోతోంది.

నాకు భయం వేయలేదు అప్పటికి. పనివాడి బుద్ధితోనే ఆలోచించాను. కొత్త తోలు ఆరుతూ బిగుస్తుంది, అందువల్ల గాలి కదలొచ్చు. కానీ తోలు ఆరితే ఒక వైపుకే బిగుస్తుంది, పోయి రాదు. ఎండకి రాగి వేడెక్కిందా అంటే ఎండే లేదు. పొయ్యి కూడా వెలిగించలేదు. ఒక వెదురు పుల్లకి దారం కట్టి, దారం చివర చిటికెడు బూరుగు దూది చుట్టి, చిల్లు ముందు వేలాడేలా గుచ్చాను. నేను దూరంగా జరిగి, నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని చూశాను.

దూది చిల్లులోకి గబుక్కున వెళ్ళిపోయింది. తర్వాత చాలాసేపు పట్టి, సన్నగా వణుకుతూ బయటికి వచ్చింది. కాసేపు ఆగింది. మళ్ళీ గబుక్కున లోపలికి. అలాంటిదే ఇంకొకటి చిన్న నగారా ముందు పెట్టాను. అది కదలలేదు.

ఆ తీరు నాకు తెలుసు. చిన్నప్పుడు మేమిద్దరం ఒకే చాప మీద పడుకునేవాళ్ళం. ఆయన ఊపిరి తీసి వదిలే లెక్క వింటూనే నేను నిద్రపోయేవాణ్ణి.

మా ఆవిడని పిలిచాను. ఏం చెప్పలేదు, చూడమన్నానంతే. వంగి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత ప్రార్థనలో వేసుకున్నట్టు తల మీదకి కొంగు లాక్కుంది.

“కబురొచ్చిన రోజే వెళ్ళమని చెప్పేనండి నేను” అని, ఇంట్లోకి వెళ్ళిపోయింది.

అప్పుడు పుట్టింది నాకు భయం. మనిషన్నవాడు ఆ క్షణంలో మోకరించాలి. నేను లక్క ముద్ద తీసుకుని ఆ చిల్లు మూసేశాను. వెళ్ళి అన్నం ముందు కూర్చున్నాను. కలిపిన అన్నం వదిలేసి లేచాను. తిరిగి వచ్చి చూస్తే పెద్ద నగారా తోలు మధ్యలో గుంట పడి ఉంది. అన్నయ్యకి ఆయాసం ఎక్కువైనప్పుడు డొక్కలు అలాగే లోపలికి పీక్కుపోయేవి. తలుపు సందులోంచి మేము పిల్లలం చూసేవాళ్ళం.

ఆరె తీసుకుని దాని మొనతో లక్కంతా పెళ్ళగించాను. ఆ తొందరలో రాగి మీద గీతలు పడ్డాయి. చిల్లు తెరుచుకోగానే ఈల లాంటి చప్పుడుతో గాలి లోపలికి వెళ్ళింది. తోలు మెల్లిగా పైకి లేచి సమానమైంది.

నేను గోనెపట్టా మీద పడుకున్నట్టుగా వాలి, ఆ చిల్లు దగ్గర నోరు పెట్టి మాట్లాడాను. అన్నయ్యా అని పిలిచి ఎన్నేళ్ళయిందో. ఏమేం చెప్పానో అన్నీ ఇక్కడ రాయను. క్రిస్మస్ నాడు అన్న మాట తప్పన్నాను. పాట చచ్చిపోలేదు, నువ్వు బాగానే వాయించేవాడివి, నాకే ఓపిక లేకపోయిందన్నాను. కబురొచ్చినప్పుడు పనికి వంక పెట్టానన్నాను. అసలు నీ మొహం చూడలేక రాలేదన్నాను. చివరికి, ఇంక నువ్వు కష్టపడకు, నిశ్చింతగా పడుకో అన్నాను. ఆ ఆఖరి మాట ప్రేమతో అన్నానో, నన్ను వదిలేస్తే చాలన్న భయంతో అన్నానో ఈ రోజుకీ తేల్చుకోలేకపోతున్నాను.

దూది ఇంకా కదులుతూనే ఉంది. కానీ మధ్యలో ఆగడం ఎక్కువైంది. అలా అలా, పొద్దు వాలకముందే ఒకసారి నెమ్మదిగా బయటికి వచ్చి, ఇక లోపలికి వెళ్ళలేదు. నేను కూర్చుని కూర్చుని చూశాను. జ్వరం దిగిపోయినవాడిలా తేలిగ్గా అనిపించింది. అన్నయ్య నన్ను క్షమించాడు అనుకున్నాను. వెళ్ళి కడుపు నిండా అన్నం తిన్నాను.

గీతలు పోయేలా మళ్ళీ మెరుగు పెట్టి, వార్నిషు పూసి, ఈస్టరుకి ముందే నగారాలు అప్పజెప్పాను. ఆ పండుగ ఆరాధనలో మా ఊరి బడి మాస్టారు వాయించారు. నేను వెనక గోడకి ఆనుకుని విన్నాను. కొత్త కప్పు కింద ఆ మోత గుండెల్లో తగిలింది. ముసలివాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. యాకోబుగారు నా భుజం తట్టి, “మీ చేతికి కంకణం వేయించాలండి ప్రకాశంగారూ, ఇత్తడిదైనా సరే” అన్నారు. వదిన ఆడవాళ్ళ వైపు ముందు వరసలో కూర్చుని, నగారాల వైపే చూస్తోంది.

ఆరాధన అయ్యాక మాటిచ్చినట్టే వాటిని ఆవిడ ఇంటికి మోసుకెళ్ళారు. నేను యాకోబుగారింట్లో భోంచేసి, బస్సుకి వెళ్ళే ముందు వదిన వాకిట్లోకి వెళ్ళి నిలబడ్డాను. ఈసారి రమ్మంటుందనే ఉంది నాకు. ఎంతకీ బయటికి రాలేదు. తలుపు సగం వేసి ఉంది. లోపల పెద్ద నగారా పక్కన నేల మీద కూర్చుని ఉంది. చెయ్యి దాని అడుగున ఉంది. నేను దగ్గానో ఏమో, తలెత్తి చూసింది. లేచి గుమ్మంలోకి వచ్చింది.

“మరిదిగారూ, మీ షెడ్డులో ఏం జరిగిందండి?”

“ఏం లేదండి. పని చేశాను, అంతే.”

“నా దగ్గర దాచకండి. ఇన్నేళ్ళూ నా మంచం పక్కనే ఉన్నారండి ఆయన. మీరూ చూసే ఉంటారు.”

అరుగు పట్టుకుని కూర్చున్నాను. దూది సంగతి, లక్క సంగతి, నేను చెప్పుకున్న మాటలు, అన్నీ చెప్పాను. అంతా అయ్యాక ఒక్కటే అడిగింది.

“వెళ్ళమన్నారా?”

“పడుకోమన్నానండి.”

“వెళ్ళమన్నా, పడుకోమన్నా ఒకటేనండి” అంది. “ఆయన ఎవరి మాటా కాదనలేరు. మీ మాట అసలు కాదనలేరు.”

తప్పయిందన్నాను. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని, కొబ్బరిచెట్ల వైపు చూస్తూ నిలబడింది.

“మీ మీద కోపమని ఊరంతా అనుకున్నారు. మీరూ అనుకున్నారు. కోపం కాదండి. మీ గొంతు వాకిట్లో వినిపిస్తేనే ఆయనకి ఆయాసం ఎక్కువయ్యేది. చెయ్యి పెట్టి చూసుకునేదాన్ని కదా, నాకు తెలిసేది. అందుకే లోపలికి రానివ్వలేదు.”

తర్వాత సగం వేసిన తలుపు పూర్తిగా తీసి, పక్కకి తప్పుకుంది.

“రండి. ఇంక లోపల ఎవరూ లేరు” అంది.

వెళ్ళాను. అన్నేళ్ళు కోరుకున్న ఇల్లు. ఆవిడ నాకు పీట వేసింది, తినడానికి ఏదో పెట్టింది, ఏం పెట్టిందో గుర్తు లేదు. తిన్నంతసేపూ నా ఊపిరి చప్పుడు నాకే పెద్దగా వినిపించింది. పైకి తెలియకుండా తీసుకోవాలని చూశాను.

ఆ తర్వాత ఆవిడ నగారాలు గుడికే ఇచ్చేసింది. ఈసారి ఎవరూ అడగకుండానే. నేను ఎప్పుడు ఊరు వెళ్ళినా ఆవిడ ఇంట్లోనే భోజనం. ఒక్క మాట కూడా దెప్పలేదు. దెప్పి ఉంటే బాగుండేది.

రాగి గురించి, తోలు గురించి నాకు తెలిసినంత ఆలోచించాను. పని తెలిసిన ఒకరిద్దరిని, ఎవరి సంగతీ చెప్పకుండా, అలా జరుగుతుందా అని అడిగాను. వాళ్ళు వేడి అన్నారు, చెమ్మ అన్నారు. అవన్నీ నేను అంతకుముందే అనుకున్నవి. మా నాన్న చెప్పిన నిద్ర మాటని ఇప్పటికీ నమ్ముతాను. ఆ రోజు షెడ్డులో దూది ఎందుకు కదిలిందో మాత్రం చెప్పలేను. అది ఎందుకు ఆగిందో నాకు తెలిసినట్టే ఉంటుంది, దాంతోనే నాకు ఇబ్బంది.